క్యాంపుకు పోని కార్పొరేటర్

ఫిబ్రవరి పద్నాలుగో తారీఖు, శనివారం. ఆ పొద్దున యోబు ఇంట్లో సర్వప్ప తిన్నారు. ఆ తేదీ ఆయనకు అంత గట్టిగా గుర్తుండిపోవడానికి ముందురోజు వచ్చిన ఎన్నికల ఫలితం ఒక్కటే కారణం కాదు. భార్య ఎలిజబెత్ పోయిన తర్వాత ఆ ఇంట్లో పొయ్యి మీదికి సర్వప్ప గంజు ఎక్కడం అదే మొదటిసారి.

కోడలు రెజీనా బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు కలిపి గంజు అడుగున పలచగా వత్తింది. వేలితో చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో చుక్క నూనె వేసి మూత పెట్టింది. ఎర్రగా కాలి కరకరలాడే అంచు ముక్కను అడగకుండానే మామ పళ్ళెంలో వేసింది. ఎలిజబెత్ కూడా అంచు ముక్క ఆయనకే దాచేది. ఆ సంగతి కోడలికి ఎవరూ చెప్పలేదు. యోబు ఆ ముక్కను చాలాసేపు నమిలాడు.

"నిన్ననే గెలిచినదానివి. ఇయ్యాల గూడ పొయ్యి కాడనే ఉంటివేంది బిడ్డా?" అన్నాడు కాసేపటికి.

"గెలిస్తే ఆకలి గాదా మామయ్యా?" అంది రెజీనా, రెండో గంజుకు పిండి వత్తుతూ.

యోబు బొగ్గుబాయి టైమాఫీసులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టర్ ఖాళీ చేశాక గోదావరిఖనిలో ఇంక్లైను రోడ్డు పక్క సందులో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. కొడుకు ఎలీషాకు టెంట్ హౌజ్ ఉంది. పెళ్ళిళ్ళకూ చావులకూ కుర్చీలు వేస్తాడు, అన్ని పార్టీల మీటింగులకూ షామియానాలు కడతాడు. కట్టీ కట్టీ, ఎప్పటికైనా ఆ షామియానా కింద తానే దండ వేయించుకోవాలన్న కోరిక పుట్టింది. తీరా ఎన్నికలు వచ్చేసరికి వార్డు ఆడవాళ్ళకు రిజర్వయింది. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు భార్యను పిలిచి, "ఎలక్షన్ల నువ్వు నిలవడు. పేరు నీది, పని నాది" అన్నాడు.

ఏ పార్టీ టికెట్టు ఇవ్వలేదు. ఇండిపెండెంటుగా వేశారు. రెజీనా ముందు గదిలో మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. ఆ సందుల్లో ఆమె కొలతలు తీయని ఆడమనిషి లేదు, ఆమె వినని కష్టం లేదు. పైపులకని తవ్వి వదిలేసిన వీధి మట్టిలో చెప్పులు చేతబట్టుకొని ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గడప దగ్గరా ఎలీషా నేర్పిన మాటలన్నీ చెప్పి, చివర అతను నేర్పని మాట ఒకటి చెప్పేది. "గెలిస్తే నేను క్యాంపుకు పోను. మేయర్ ఎన్నిక నాడు మిమ్ములను అడిగే చెయ్యెత్తుత."

క్యాంపు సంగతి ఊళ్ళో అందరికీ తెలిసిందే. జనం కార్పొరేటర్లను ఎన్నుకుంటారు. కార్పొరేటర్లు హాల్లో కూర్చొని చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. ఈ మధ్యలో ఏ పార్టీకి ఆ పార్టీ తన వాళ్ళను బస్సెక్కించి, ఫోన్లు తీసుకొని, దూరంగా ఏదో రిసార్టులో కాపలా పెట్టుకుంటుంది. ఎన్నిక నాటి పొద్దున తిన్నగా హాలు ముందర తెచ్చి దించుతుంది. ఓటేసిన వాళ్ళకు మాత్రం తాము గెలిపించిన మనిషి అన్ని రోజులూ ఎక్కడున్నదీ తెలియదు.

ఈసారి ఏ పార్టీకీ సరిపడా సంఖ్య రాలేదు. రెజీనా ఒక్క చెయ్యి ఒక్కసారిగా ప్రియమైపోయింది.

తిన్న పళ్ళాలు కడిగేలోపే జనం రావడం మొదలుపెట్టారు. తెచ్చిన దండ తెచ్చినట్టే ఎలీషా మెడలో పడుతోంది. "కార్పొరేటర్ సాబ్, ముబారక్!" అని చేతులు ఊపుతున్నారు. సందు మొగదల కట్టిన ఫ్లెక్సీలో కూడా ఎలీషాయే నిలువెత్తున నవ్వుతున్నాడు, రెజీనా ముఖం మూలన తపాలా బిళ్ళంత ఉంది. రెజీనా మెడలో కొలతల టేపు వేసుకొని మిషను ముందు కూర్చుంది. పెళ్ళివాళ్ళ జాకెట్లు సాయంత్రానికి ఇవ్వాలి.

ఇంతలో గుమ్మం ముందు పెద్ద కారు ఆగింది. దిగినవాడు నర్సింగం. ఒక పార్టీ తరఫున బేరాలన్నీ చూసుకునే మనిషి. ఎలీషా టెంట్లకు సగం పని ఇచ్చేది ఆయనే.

"ఏం కార్పొరేటర్ సాబ్, ఇంకా తయారు గాలేదా? బస్సు ఆగి ఉన్నది. జల్ది!"

ఆ మాట అన్నది ఎలీషాతో. మిషను చప్పుడు ఆగింది.

"రెజీనా, రెండు చీరలు సదురుకో," అన్నాడు ఎలీషా కొత్త తెల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "నేను ముందుగాల పోయి మాట ఖాయం చేసుకుంట. కార్పొరేషన్ల ఏ ఫంక్షనైనా ఇగ టెంట్లు మనయే. నీకు వెనక ఇంకో బండి వస్తది."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంది? క్యాంపుకు."

"నేను రానని వాడవాడంత చెప్పిన గద."

"అవి ఓట్ల కోసం చెప్పిన మాటలే."

"ఓట్లేసినోళ్ళకు గట్ల అనిపియ్యలే."

నర్సింగం పెద్దగా నవ్వాడు. "చెల్లె మస్తు మజాక్ చేస్తదన్నట్టు! రా తమ్మీ, టైమైతంది." ఎలీషా మెడలో దండతోనే కారెక్కి, కిటికీలోంచి, "తయారుగుండు" అని అరిచాడు.

రెజీనా సూదిలో దారం ఎక్కించుకుంది. చీరలు సర్దలేదు.

వెనక వస్తుందన్న బండి రాలేదు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి గూట్లో గిన్నెలు గలగలమన్నాయి గాని బండి మాత్రం రాలేదు. యోబు రెండు మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి చూసి వచ్చాడు. ఎందుకు రాలేదో అంతుబట్టలేదు. పట్టకపోయినా ఇల్లు ప్రశాంతంగా ఉంది, మిషను చప్పుడు వినసొంపుగా ఉంది. అదే చాలనుకొని వార్తాపత్రిక చదువుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు పక్కింటి పోశవ్వ కర్ర పట్టుకొని వచ్చింది. "ఏమే పోరీ, ఉన్నవా? బస్సుల ఏసిన్రని చెప్తే ఉరికొచ్చిన."

"ఈన్నే ఉన్న అవ్వా. నన్నెవలు ఏస్తరు బస్సుల?"

"మరి నీ మొగనిని ఏసుకపోయిన్రట గద!"

అప్పుడే ఫోను మోగింది. తెలియని నంబరు. రెజీనా స్పీకరు పెట్టింది. అవతల ఎలీషా గొంతు గుసగుసగా వినిపించింది.

"వంటాయన ఫోను తీసుకొని చేస్తున్న. నా ఫోను గుంజుకున్నరు. నువ్వెందుకు రాలే?"

"నాకెవలు బండి పంపిన్రు?"

"పంపనే లేదు! బస్సు కాడ ఒక పిలగాడు ఏ వార్డని అడిగిండు. చెప్పిన. సరే ఎక్కు అన్నడు. గంతే. నీ వార్డు వచ్చిందని రాసుకున్నరు. నన్నే నువ్వనుకొని లెక్కల వేసుకున్నరే! అందరు వచ్చిన్రని ఖుషీగ బిర్యానీ తిన్నరు. ఇప్పుడు ఫొటో దిగుదం, మేడమ్‌లను పిలువుండ్రి అంటే బయటవడ్డది."

ముందుగా పోశవ్వ నవ్వింది. ఆ తర్వాత రెజీనా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. యోబు ఆపుకోవాలని చూశాడు గాని ఆయన వల్ల కాలేదు. ఎలిజబెత్ పోయాక ఆ ఇంట్లో ముగ్గురు ఒకేసారి అలా నవ్వింది లేదు.

"నవ్వుతున్నరా?" ఎలీషా గొంతు పగిలినట్టయింది. "నవ్వుండ్రి. రేపు వస్తున్న. వచ్చెవరకు బట్టలు సదిరి ఉండాలె." ఫోను పెట్టేశాడు.

ఆ గొంతు యోబు చెవిలో ఉండిపోయింది. అది ఒట్టి కోపం కాదనిపించింది.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు కొత్తగా గెలిచిన వాళ్ళందరి కోసం ప్రార్థన చేశారు. ఆడవాళ్ళు రెజీనా తల నిమిరారు. ఒకామె తన తోటలో పూసిన ఒకే ఒక్క గులాబీ తెచ్చి చేతిలో పెట్టింది. రెజీనా ఇంటికొచ్చి అన్నం వండి, పప్పు దించిందో లేదో, కారు వచ్చి ఆగింది.

ఎలీషా ముందు దిగాడు. తెల్ల చొక్కా నలిగి మాసిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వెనక నర్సింగం. నిన్నటి నవ్వు ఆయన ముఖం మీద లేదు.

"సదురుకున్నవా?" అన్నాడు ఎలీషా గడపలోనే నిలబడి.

"లేదు."

"రెజీనా, నాకు కోపం తెప్పియ్యకు. నిన్ను నిలవెట్టింది ఎవలు? ఫ్లెక్సీలు కొట్టిచ్చింది ఎవలు? నెల రోజులు తిండి నిద్ర లేక తిరిగింది ఎవలు?"

"నువ్వే. నేను కాదన్ననా?"

"మరి నా మాటకు విలువ లేదా? వాళ్ళకు మాటిచ్చిన. నా పరువేం గావాలె?"

"నువ్వు ఒక కారుకు మాటిచ్చినవు. నేను వాడకిచ్చిన. నీది పరువైతే నాదేంది?"

"నీది..." ఎలీషా తడబడ్డాడు. "నువ్వు నా భార్యవు."

"ఔ. భార్యనే. గా ఓటు కాయితం మీద నీ భార్య అని రాసి లేదు, నా పేరు రాసి ఉన్నది. ఓటు గుద్దినోళ్ళు నన్ను చూసి గుద్దిన్రు."

"ఎక్కువ మాట్లాడుతున్నవ్!" ఎలీషా చెయ్యి గోడ మీద పడింది. గోడకున్న క్యాలెండరు ఊడి కింద పడింది. రెజీనా వెనక్కి జరగలేదు. వంగి క్యాలెండరు తీసి, మళ్ళీ మేకుకు తగిలించి, అదే చోట నిలబడింది.

"ఎన్నడన్న ఎక్కువ మాట్లాడిన్నా?" అంది. చూపు తిప్పలేదు. "ఎలక్షన్ల నువ్వేం చీర కట్టుమంటే గది కట్టిన. ఎవలకు దండం పెట్టుమంటే వాళ్ళకు పెట్టిన. దండలు నీకు ఏస్తే గూడ సంతోషవడ్డ. గీ ఒక్క చెయ్యి నాకియ్యి. ఇది నాది గాదు, వాళ్ళది."

నర్సింగానికి ఓపిక అయిపోయింది. "ఏందయ్యా ఎలీషా! ఇంట్ల నీ మాట చెల్లదని ముందుగాల్నే చెప్పాలె గద? రాత్రి నిన్ను బయట వరండల పండవెట్టినా సప్పుడు చెయ్యలేదంటే, బుద్ధిమంతుడు, పెండ్లాన్ని తోలుకొస్తడనుకున్నం."

ఎలీషా తల దించుకున్నాడు.

"బయట పండవెట్టిన్రా?" అంది రెజీనా మెల్లగా.

"రూములు కార్పొరేటర్లకు, వాళ్ళతోని వచ్చినోళ్ళకు. ఈయన ఎవల తోని వచ్చినట్టు?"

రెజీనా భర్త వంక చూసింది. "రాత్రి తిన్నవా?"

ఎలీషా తల అడ్డంగా ఊపాడు. ఆమె లోపలికి వెళ్ళింది. పళ్ళెంలో అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు వేసుకొని వచ్చి చాప పరిచి అతని ముందు పెట్టింది. అతను కదల్లేదు. "తిను," అంది. "కొట్లాట మనకు మల్ల గూడ ఉంటది. ముందుగాల తిను." ఎలీషా కూర్చున్నాడు. అతను మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక యోబు కొడుకు ముఖం మీంచి చూపు తిప్పుకున్నాడు. ముప్పై అయిదేళ్ళ మగాడు అన్నం ముందు కన్నీళ్ళు దిగమింగుకుంటూంటే తండ్రి చూడకపోవడమే మంచిది.

రెజీనా నర్సింగం వైపు తిరిగింది. "అన్నా, నిన్న మా ఇంటికాడ దండతోని ఎక్కిచ్చుకున్నరు. రాత్రి బువ్వ పెట్టక బయట ఉంచిన్రు. నా చెయ్యి ఎత్తిచ్చుకున్న మరునాడు నాకు గూడ గంతే గదా?"

"చెల్లే, రాజకీయం నీకు తెల్వది. బండెక్కు."

యోబు కుర్చీలోంచి లేచాడు. ఎవరితోనూ గొంతెత్తి మాట్లాడని మనిషి. చెప్పులు కూడా వేసుకోకుండా నడిచి వెళ్ళి గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"నర్సింగం, నా కోడలు పోతనంటే నేనే సంచి మోసుకొచ్చి బండి కాడ పెడ్త. పోనంటే మాత్రం ఈ గడప దాటిచ్చేది లేదు."

"పెద్దాయనా, నువ్వు గూడ..."

"నేను టైమాఫీసుల మస్టర్లు, అంటే హాజరు రాసిన. పొద్దుగాల మొదటి షిఫ్టుకు మస్తు గుంపు ఉంటుండె. 'మా తమ్ముడు వెనక వస్తుండు సార్, నా మస్టర్ తోని వాని మస్టర్ గూడ వెయ్యి' అని ఎందరో బతిమిలాడిన్రు. నేను వెయ్యలే. ఎందుకు? మస్టర్ పడ్డోడు బాయిల ఉన్నట్టు. పైకప్పు కూలితే వాని కోసం దేవులాడుతరు. లేనోని కోసం దేవులాడుతుంటే, ఉన్నోడు లోపల సచ్చిపోతడు." యోబు ఊపిరి తీసుకున్నాడు. "నిన్న మీరు గదే చేసిన్రు. నా కోడలి మస్టర్ నా కొడుక్కు వేసిన్రు. వేసినోళ్ళది ఎంత తప్పో, నిలవడి వేయించుకున్నోనిది గూడ అంతే తప్పు. ఇనవడ్తందా ఎలీషా?"

ఎలీషా చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"సరే." నర్సింగం వేలు చూపించాడు. "ఇయ్యాల్టి సంది నీ కొడుకు టెంట్లకు ఒక్క మీటింగు రాదు. ఒక్క కుర్చీ లేవదు. అప్పుడు యాదికొస్త."

"రాకపోతే రాకపాయె," అన్నాడు యోబు. "కుర్చీలు మాయే గద. వాకిట్ల ఏసుకొని మేమే కూసుంటం."

కారు తలుపు ధడేలుమని పడింది. దుమ్ము లేచి, కాసేపటికి అణిగింది. ఎలీషా పళ్ళెం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కొని, ఎవరి ముఖమూ చూడకుండా గోదాము వైపు వెళ్ళిపోయాడు. రెజీనా ఆపలేదు. గోడకు ఆనుకొని చాపమీద కూలబడింది.

"తప్పు చేసిన్నా మామయ్యా? ఆయన పని పాయె."

"పని పోతే మల్ల వస్తది బిడ్డా," అన్నాడు యోబు. వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టాడు. చక్కెర ఎక్కువైంది. ఇద్దరూ తాగారు.

సాయంత్రం ఎండ వాలగానే ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. చేతెత్తే సంగతి అడుగుతానని రెజీనా కబురు పంపింది. పోశవ్వ పీట తెచ్చుకుంది. కొందరు చాపలు తెచ్చారు, కొందరు తవ్వి పోసిన మట్టి కుప్పల మీద చీర కుచ్చిళ్ళు ఎగదోసుకొని కూర్చున్నారు. అప్పుడు సందు మొగదల ట్రాలీ ఆటో చప్పుడైంది. ఎలీషా దిగాడు. కుర్చీలు నాలుగేసి చొప్పున భుజాన పెట్టుకొని తెచ్చి వరసగా వేశాడు. పోశవ్వకు చేతులున్న కుర్చీ వెతికి వేశాడు. చివరకు ఒక టేబులు, దాని వెనక ఒక కుర్చీ వేసి, ఆ కుర్చీని తువ్వాలతో తుడిచాడు.

"కూసో," అన్నాడు రెజీనాతో. తాను వెళ్ళి ఆటోకు ఆనుకొని నిలబడ్డాడు.

"ఏం ఎలీషా, కిరాయి ఎంత?" అని పోశవ్వ కేకేసింది.

"నీ దగ్గర తీసుకుంటనా అవ్వా? ఊకె కూసో!"

నవ్వులు లేచాయి. ఆ తర్వాత మాట అసలు సంగతి మీదికి వచ్చింది. ఒకామె నీళ్ళిచ్చే పార్టీకి ఎత్తమంది. ఇంకొకామె, "ఎవలిచ్చిన్రే నీళ్ళు? ఇద్దరు కలిసే తవ్విన్రు, ఇద్దరు కలిసే ఇడిసిపెట్టిన్రు" అంది. గొడవ పెరిగింది. పోశవ్వ కర్రతో నేలను కొట్టింది.

"లొల్లి వద్దు. మేయర్ అయితమనేటోళ్ళు ఇద్దరు. ఇద్దరిని రమ్మను. ఈ మట్టిల నడిచి, మన ముందట నిలవడి మాట్లాడనీ. వచ్చినోళ్ళకు చెయ్యెత్తు."

రెజీనా ఫోను టేబులు మీద పెట్టి స్పీకరు వేసింది. మొదటిది నర్సింగం పార్టీ. వాళ్ళు, "మేడమ్ క్యాంపుల ఉన్నరు. బయటికి పంపియ్యరాదు" అన్నారు. రెండో పార్టీ మనిషి ఇంకా మర్యాదగా చెప్పాడు. "మేడమ్ ఫోను మా కాడ ఉన్నదమ్మా. ఎన్నిక అయినంక ఇస్తం. అప్పటిదాక ఆమె ఎవలతోని మాట్లాడద్దు."

పోశవ్వ నోరు తెరిచింది. "అంటే మేయరయ్యేటోళ్ళను గూడ గేట్ల పెట్టి తాళమేసిన్రా?"

"ఔనవ్వా."

"ఇంటికి రానియ్యనోళ్ళు ఇద్దరు గలిసి మనకు నీళ్ళిస్తరట!" ఆమె రెండు చేతులూ తిప్పింది. "ఎవలకు ఎత్తకు పోరీ. దించి పెట్టు. ఎందుకు ఎత్తలేదంటే మా పేరు చెప్పు."

ఒక్కొక్కరే ఔనన్నారు. రెజీనా అందరి ముఖాలూ చూసింది. చివరన ఆటో వైపు చూసింది. ఎలీషా తల ఊపలేదు, అడ్డంగానూ తిప్పలేదు. చేతులు కట్టుకొని వింటున్నాడు. అంతసేపు మాట్లాడకుండా వినడం అతనికి ఎంత కష్టమో యోబుకు తెలుసు.

సోమవారం కార్పొరేషన్ ఆఫీసు ముందు ఏసీ బస్సులు ఆగాయి. పోలీసుల నడుమ కార్పొరేటర్లు దిగారు. వాటి వెనక టెంట్ హౌజ్ ట్రాలీ ఆటో వచ్చింది. వెనక తట్టలో పోశవ్వ, ఇంకా ఎనిమిది మంది ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య తానే కుట్టుకున్న నీలం జాకెట్టులో రెజీనా. ఎలీషా తోలాడు. గేటు దగ్గర పోలీసు, "కార్పొరేటర్ ఎవలు?" అన్నాడు అలవాటుగా ఎలీషాను చూస్తూ. ఎలీషా దిగి వెనక తట్ట తలుపు దించాడు. "ఆమె," అన్నాడు.

రెజీనా లోపలికి వెళ్ళాక తండ్రీ కొడుకులు రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డారు. యోబు రెండు టీలు చెప్పాడు.

"బాపూ," అన్నాడు ఎలీషా చివరికి. "శనివారం రాత్రి వాళ్ళు నన్ను 'మరి నువ్వెవలు?' అన్నరు. నాకు జవాబు దొరకలే. ఆమె మొగణ్ణి అన్న. 'అయితే బయట కూసో' అన్నడు ఒకడు. లోపల అందరు మాట్లాడుకుంటున్నరు, నవ్వుకుంటున్నరు. నేను మెట్ల మీద కూసున్న." గ్లాసు చేతిలో తిప్పాడు. "నెల రోజులు రెజీనా గట్లనే కూసున్నది గద. నేను ముందల గదిల లీడర్లతోని మాట్లాడుతుంటే ఆమె లోపల టీలు పెట్టింది. ఆమె ఎలక్షనే, ఆమెకే చెప్పలే ఏం మాట్లాడుకున్నమో. నాకు ఒక్క రాత్రికే పానం పోయినట్టాయె బాపూ."

కళ్ళు తుడుచుకున్నాడు. యోబు కొడుకు చేతిలోని చల్లారిన టీ తీసుకొని పారబోసి, వేడిది చేతిలో పెట్టాడు.

మధ్యాహ్నం దాటాక రెజీనా బయటికి వచ్చింది. ఆడవాళ్ళు చుట్టుముట్టారు.

"చెప్పవే, ఏమాయె?"

"ప్రమాణం అయింది. ఆన్నించి మొదటి పేరు చదివిన్రు. ఇటు దిక్కు చేతులన్ని లేచినయి. నర్సింగమన్న తలుపు సందుల నుంచి నన్నే చూస్తుండు. నేను రెండు చేతులు ఒళ్ళె పెట్టుకున్న. రెండో పేరు చదివిన్రు. అటు దిక్కు లేచినయి. నేను గట్లనే ఉన్న. పక్కామె గిల్లింది గూడ, 'ఒక్కదానికన్న ఎత్తు' అని." రెజీనా కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎలక్షన్ సార్ అడిగిండు, ఎవలకు లేదా అమ్మా అని. లేచి నిలవడ్డ. మా వాడకు వచ్చి మాట్లాడినోళ్ళకే ఎత్తుమన్నరు సార్, ఎవలు రాలేదు, రాసుకోండ్రి అన్న. రాసుకున్నడు."

"ఎవలు గెలిచిన్రు?"

"రెండోళ్ళు. ఒక్క చెయ్యి తేడా."

అంటే నర్సింగం పార్టీ ఓడింది. టెంట్ల పని నిజంగానే పోయినట్టు. ఎలీషా మాత్రం ఆటో తట్టలో గోనె సంచి మడిచి వేసి, "ఈడ కూసో, తొవ్వ మంచిగ లేదు, నడుము పడ్తది" అన్నాడు భార్యతో.

ఆ సాయంత్రం ఇంట్లో పచ్చిపులుసు అన్నం. తిన్నాక రెజీనా ఆగిపోయిన జాకెట్లు పూర్తి చేస్తానని మిషను ముందు కూర్చుంది గాని, ఒక చెయ్యి కుట్టి, హుక్కులకని సూది పట్టుకొని, తల మిషను మీద ఆన్చి అలాగే నిద్రపోయింది. ఎలీషా దగ్గరకు వెళ్ళి, ఆమె వేళ్ళ మధ్యనుంచి సూది మెల్లగా తీసి డబ్బాలో వేశాడు. దీపం ఆమె కళ్ళ మీద పడకుండా కాస్త పక్కకు తిప్పాడు. మంచం మీద పడుకున్న యోబు అది చూసి, కళ్ళు మూసుకున్నట్టు నటించాడు.

గుమ్మం దగ్గర అలికిడైంది. గెలిచిన పార్టీ మనుషులు. ఒకరి చేతిలో శాలువా, ఒకరి చేతిలో మిఠాయి డబ్బా.

"ఎలీషన్నా! మా మేడమ్ పంపింది. ఇయ్యాల చెయ్యెత్తకున్నా ఫికర్ లేదు. మీరు మా దిక్కు వచ్చిన్రని ఒక్క మాట చెప్పు, పొద్దుగాల పేపర్ల ఏయించుకుంటం. టెంట్ల సంగతి గూడ మేం చూసుకుంటం."

యోబు కళ్ళు తెరిచాడు. ఎలీషా చెయ్యి తలుపు చెక్క మీదే ఉంది. శాలువా వంక చూశాడు. వెనక్కి తిరిగి మిషను మీద నిద్రపోతున్న మనిషి వంక చూశాడు.

"మెల్లగ మాట్లాడన్నా. పండుకున్నది."

"నువ్వు చెప్తే చాలు గదన్నా?"

"చాలది." ఎలీషా గొంతు తగ్గించాడు. "ఆమె మాట నేను చెప్పేది గాదు. రేపు పగటి పూట రాండ్రి. ఆమెనే అడుగుండ్రి. వాడోళ్ళను గూడ పిలుస్తది, చెప్పులిడిసి ఆ మట్టిల నడిచి రాండ్రి."

వాళ్ళు ఇంకేదో అనబోయారు. ఎలీషా చేతులు జోడించి దండం పెట్టాడు. తర్వాత తలుపు దగ్గరగా వేసి, గొళ్ళెం ఇనుము చప్పుడు చేయకుండా వేలు అడ్డం పెట్టి, మెల్లగా గడియ పెట్టాడు.